బాబాయ్‌ని అడగని మాట

కోటయ్య బాబాయ్,

నువ్వు పోయి ఈ రోజుకి మూడేళ్లు. ఆ సాయంత్రం పురుగుమందు నా కొట్లోనే కొన్నావు. నీ మిరపచేను అప్పటికే పీకేశావని నాకు తెలుసు. అయినా ఏ చేనుకని అడగలేదు.

ఇప్పుడు ఆదివారాలు గుంటూరెళ్లి కౌన్సెలింగ్ డిగ్రీ చదువుతున్నాను. పరీక్షలు రాస్తే సరిపోదట. మాకు పాఠాలు చెప్పే మేడం పక్కన కూర్చుని చూస్తుండగా, కష్టంలో ఉన్నవాళ్లతో వంద గంటలు మాట్లాడితేనే పట్టా. ఈ రోజు నాకు మొదటి గంట.

వచ్చినాయన పత్తి రైతు. పంట సంగతి చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. మేడం నావైపు చూశారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయం. అలా పుట్టదని క్లాసులో చెప్పారు, అయినా భయమే.

"చచ్చిపోవాలనిపిస్తోందా అండీ?" అన్నాను.

ఆయన నేలకేసి చూస్తూనే "అవునండి," అన్నాడు.

మేడం ఆయన్ని ఒప్పించి, భార్యను పిలిపించి, ఇద్దరినీ డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.

ఆయన గుమ్మంలో కనిపించేదాకా నాకు భయమే, బాబాయ్.

నీ శీను