భుజాన ఉన్న తలుపు

ఇన్‌స్పెక్టర్ గారికి,

పోయిన నెల స్టేషన్‌లో మీ గదికి కొత్త తలుపు బిగించిన వడ్రంగి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

నిన్న పొద్దున నేను పనిలో ఉండగా తమరు ఇద్దరు కానిస్టేబుళ్లతో మా ఇంటి తలుపు నెట్టుకుని లోపలికి వచ్చారట. దొంగ కోసం మంచాల కింద చూశారు, బీరువా తెరిచారు, సరే. ఉప్పు డబ్బా మూత కూడా తీశారని మా ఆవిడ చెప్పింది. దొంగ మరీ అంత బక్కవాడని మాకు తెలియదండీ. సోదాకి కాగితం ఉందా అని ఆవిడ అడిగితే, "మాకు కాగితమేంటమ్మా?" అన్నారట.

ఇంతవరకైతే నవ్వి ఊరుకుందును. కానీ అప్పుడు స్నానాల గదిలో ఉన్న మా అమ్మాయి, ఇవాళ నేను గుమ్మంలో కాపలా కూర్చుంటే గాని స్నానానికి వెళ్లనంది.

తమరికి గుర్తుందో లేదో. ఆ రోజు మీ గది పాత తలుపు ఊడదీసి, కొత్తది భుజాన మోసుకుని లోపలికి రాబోతే, "తలుపు కొట్టి రావాలని తెలీదా?" అని గద్దించారు. ఉత్త గుమ్మంలో ఏం కొట్టను? మోస్తున్న తలుపునే దించి, దాన్నే కొట్టి, "రావచ్చా సార్?" అన్నాను. "ఊఁ, రా" అన్నారు. అది చెబితే మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు.

ఇవాళ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మరి మన తలుపు బిగించే ఉంది కదా?"

దానికి జవాబు తమరే వచ్చి చెప్పండి. ఈసారి తలుపు కొట్టండి. "ఎవరు?" అని అమ్మాయే అడుగుతుంది. తీయడం, తీయకపోవడం దాని ఇష్టం.

ఇట్లు,
అడిగి లోపలికి వచ్చిన వడ్రంగి