ఆరో రీలు చివరి ముక్క

చిరంజీవి అమ్మడికి, నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నాకు కోపం తగ్గలేదు. అంతకుమించి జబ్బులేమీ లేవు. నువ్వు వేళకి తింటున్నావనీ, మీ రైటర్ గారి ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ ఇప్పుడు నీదేననీ చదివి మీ అమ్మ మురిసిపోయింది.

నీ ప్రశ్నలకి జవాబులు. బాత్రూం గడియ బాగుచేయించాను. ఇప్పుడు బ్రహ్మాండంగా పడుతోంది, తియ్యడమే రావడం లేదు. మొన్న అరగంట లోపలే ఉండిపోయాను. మీ అమ్మ పనిచేసే ఆస్పత్రి లాండ్రీలో కొత్త ఇస్త్రీ మెషీన్ వచ్చింది, దుప్పట్లు మడతపెట్టడం మాత్రం ఇంకా చేతుల్తోనే. ఇక నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఎడమ చెవిలో చుక్కల మందు వేసుకుంటున్నావా లేదా? రెండు ఉత్తరాల నుంచీ దాటేస్తున్నావు.

"ఈమధ్య సినిమాలెలా ఉన్నాయి నాన్నా" అని అడిగావు. ఆ కిందనే "నా సినిమా ఎలా ఉంది" అని రాసి రెండు గీతలు గీశావు. ఆ రెండో ప్రశ్న సంగతి చివర్న చూస్తాను. ముందు మిగతావాటి పని పట్టనీ.

పోయిన నెల కవలల సినిమా వేశాం. ఒకడికి మీసం ఉంది, ఒకడికి లేదు. కన్నతల్లి గుర్తుపట్టదు, కట్టుకున్నది గుర్తుపట్టదు, పోలీసులు అసలే గుర్తుపట్టరు. ముందు వరసలో కూర్చున్న ఐదేళ్ళ పిల్ల మాత్రం "అమ్మా, వాడు మీసం అంటించుకున్నాడే" అని హాలంతా వినపడేలా అరిచింది. ఆ పిల్లకున్న బుద్ధి డైరెక్టరుకి లేకపోయింది. జనం చెవిలో పువ్వు పెట్టేవాళ్ళని చూశాను గానీ, వీళ్ళు ఏకంగా తోటే పెంచేశారు.

ఆ తర్వాత పోలీసాఫీసరు సినిమా. గుండెలో మూడు తూటాలు దిగాక అతగాడు పదకొండు నిమిషాలు మాట్లాడాడు. వాచీ చూసి మరీ చెబుతున్నాను. చెల్లెలి పెళ్ళి, నిజాయితీ, పెంపుడు కుక్క, అన్నీ పేరుపేరునా అప్పగించాడు. హమ్మయ్య, పోయాడు అనుకుని నేను రీలు మారిస్తే, కొత్త రీల్లో కళ్ళు తెరిచి "ఇంకొక్క మాట" అన్నాడట.

అన్నాడట అని ఎందుకు రాశానో నీకు తెలుసు. రెండో మెషీన్ మొదలవగానే నేను మొదటి మెషీన్ దగ్గరికి పరిగెత్తాలి. అయిపోయిన రీలు దించాలి, రాలిన ఫిల్ము పొట్టు తుడవాలి, తర్వాతి రీలు ఎక్కించాలి. మళ్ళీ బూత్ కిటికీ దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల సినిమా నడిచిపోయి ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఏ సినిమాలోనూ ఏ రీలు మొదలూ నేను సరిగ్గా చూసింది లేదు. చిన్నప్పుడు నువ్వు అనేదానివి, "నాన్న చూసే సినిమాలకి చిల్లులుంటాయి" అని. ఆ చిల్లులన్నీ ఇంటికొచ్చాక మీ అమ్మే పూడ్చేది.

మూడోది ఇంకా ఘోరం. అందులో మా వృత్తివాడొకడు ఉన్నాడు. బూత్‌లో తాగి పడి నిద్రపోతుంటాడు, పక్కనే హీరో హీరోయిన్ల సరసం. మా మెషీన్ల వేడికి ఆ బూత్‌లో ఇద్దరు మనుషులు రెండు నిమిషాలు నిలబడితే ప్రేమ మాట దేవుడెరుగు, కళ్ళలోకి చెమట దిగి ఒకరికొకరు కనపడరు. రాసినవాడు జన్మలో బూత్ మెట్లెక్కలేదని మొదటి ముక్కలోనే తెలిసిపోయింది.

అలాంటివాళ్ళు అబద్ధాలు రాస్తే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకుంటాను. నువ్వు బూత్‌లో పెరిగినదానివి. నువ్వు నిజం రాశావు. అదీ నా కోపం.

పోయిన శుక్రవారం నీ సినిమా బాక్సు వచ్చింది. మాటల రచనలో సహాయం అని నీ పేరు తెరమీద పడ్డప్పుడు నేను ఫోకస్ రెండుసార్లు సరిచేశాను, అక్షరాలు బాగానే ఉన్నా సరే. ఇంటర్వెల్ దాకా బాగుందనే అనుకున్నాను. అప్పటిదాకా హీరోయిన్ తండ్రి సినిమా ఆపరేటర్ అని చూసి నవ్వుకున్నాను కూడా. తర్వాత గడియారాల కొట్టు సీను అయింది. ఆ వెంటనే హీరోయిన్ చిన్నప్పటి కథ, మ్యాట్నీ ఆడుతున్న హాలు, చీకట్లో ఒక ఆడమనిషి, బూత్ కిటికీ వైపు తలెత్తి అరుపు.

"ఏమండీ, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, దిగిరండి!"

"ఈ రీలు అయ్యాక వస్తా!"

"మీకు పెళ్ళి కూడా రెండు రీళ్ళ మధ్యే అయింది లెండి!"

హాలంతా గొల్లుమంది. అమ్మడూ, ఆ నవ్వు నేను రెండోసారి వినడం. పందొమ్మిదేళ్ళ క్రితం ఇదే కిటికీలోంచి, ఇదే మాటకి, ఇదే హాలు మీ అమ్మని చూసి ఇలాగే నవ్వింది. అప్పుడు నీకు ఆరేళ్ళు. పొద్దుటి నుంచీ జ్వరం, మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. నిన్ను ఎదురింటి టైలరమ్మ ఒడిలో పడుకోబెట్టి మీ అమ్మ పరిగెత్తుకొచ్చింది. బూత్ మెట్లెక్కనివ్వలేదని హాల్లోకి వెళ్ళి అరిచింది. ఆరోజు రెండో ఆపరేటర్ రాలేదు. నేను దిగితే తెర తెల్లబడుతుంది. ఈ రీలు అయ్యాక అన్నాను, ఆ రీలు అయ్యాక ఇంకో రీలు అన్నాను. సినిమా మొత్తం అయ్యాక ఇంటికి పోతే తాళం వేసి ఉంది. మీ అమ్మ నిన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచి వెళ్ళిపోయింది. ఆ జ్వరంతోనే నీ ఎడమ చెవి మందగించింది. ఆలస్యం వల్ల కాదని డాక్టరు అన్నాడు, మీ అమ్మా అదే అంది. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. నువ్వు నా కడుపు చించి ఊరి మధ్య తెరమీద పరిచావు. ఆ సాయంత్రమంతా నిన్ను మనసులో తిట్టని తిట్టు లేదు. నిన్ను చదివించానని కోపం, సినిమాల్లోకి పంపానని కోపం, రాత నేర్పిన మీ టీచరు మీద కూడా కోపం. ఉత్తరంలో ఆ తిట్లన్నీ రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చింపేశాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను, చదివి నువ్వు నన్ను తిట్టుకో. శనివారం పొద్దున్నే వెళ్ళి ఆ ముక్క కత్తిరించేశాను.

ఆరో రీలు చివర, రెండున్నర నిమిషాలు. గడియారాల కొట్టు అయిపోయిన చోట కోసి, మిగతా తోక తీసేసి, రీలు మార్చే గుర్తుగా మూలన పడే చుక్కలు కూడా పోయాయి కాబట్టి కొత్త చుక్కలు సూదితో గీశాను. పనితనానికి నాకెవడూ వంక పెట్టలేడు. ఆ ముక్కని చుట్టచుట్టి బిస్కట్ల డబ్బాలో పెట్టి అటక మీద పడేశాను. ఒకరి సినిమాని ఇలా కోసిన ఆపరేటర్ని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ క్షమించలేదు.

మీ అమ్మకి నువ్వు వేరే ఉత్తరం రాశావని నాకేం తెలుసు? "అమ్మా, గడియారాల కొట్టు తర్వాత నీ మాటలుంటాయి, ఉన్నవి ఉన్నట్టు రాశాను, కళ్ళు మూసుకోకు" అన్నావట. ఆవిడ శనివారం మ్యాట్నీకి వెళ్ళింది. ఇంటికొచ్చి "కునుకు పట్టిందేమోనండీ" అంది అంతే. ఆదివారం టైలరమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది, "నా మాటలు మా అమ్మాయి సినిమాలో పెట్టింది" అని చెప్పి. హాలు బయట టైలరమ్మ నవ్వుతూ "ఏవమ్మా, నీ మాటలు మరీ అంత మెల్లగా ఉన్నాయా, నాకు వినపళ్ళేదు" అనడం నేను మెట్లమీంచి విన్నాను. మీ అమ్మ చెప్పులు చూసుకుంటూ నడిచింది. తేలు కుట్టిన దొంగలా నేను మళ్ళీ బూత్‌లోకి వెళ్ళిపోయాను.

బుధవారం మీ అమ్మ సెలవు పెట్టి మూడోసారి వెళ్ళింది. ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ అడిగింది.

"పిల్ల మర్చిపోయి ఉంటుంది లెండి. పెద్దవాళ్ళు తీసేయమనీ ఉండొచ్చు. కానీ నాకొకటి అర్థం కాలేదు. ఆ ఆపరేటరు ఉన్నట్టుండి మెట్లమీంచి అలా ఎందుకు పరిగెత్తుకొస్తాడు?"

"ఏ ఆపరేటరు?" అన్నాను.

"హీరోయిన్ నాన్నండీ. గడియారాల కొట్టు అవ్వగానే మెషీన్ అలాగే వదిలేసి మెట్లు దిగి ఇంటికి పరిగెడతాడుగా. పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్తాడు. ఎవరూ పిలవకుండానే ఎలా తెలిసిందని?"

ఏడో రీలు మొదలది. నేనెప్పుడూ చూడని రెండు నిమిషాలు.

గురువారం పొద్దున బూత్‌కి వెళ్ళి ఏడో రీలు మొదలు లాగి బల్బు వెలుతురుకి పట్టుకున్నాను. ఒక్కొక్క బొమ్మే జరుపుతూ చూశాను. నిజమే. వాడు దిగాడు. రీలు సగంలో ఉండగానే దిగాడు. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. నేను దిగలేదు కదే! నీకు తెలుసు కదా నేను దిగలేదని! జ్వరంలో ఉన్నావు, చిన్నదానివి, కానీ ఆ సంగతి మన ఇంట్లో అందరికీ తెలుసు. మీ అమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసినదానివి, నా దగ్గరికొచ్చేసరికి అబద్ధం ఎందుకు రాశావు? నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. నన్ను మంచివాణ్ణి చేశావు చూడు, దానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సినిమాకి అదే ఆఖరి రోజు. మర్నాడు బాక్సు వెళ్ళిపోతుంది. డబ్బా దించి ముక్క అతికేశాను. తర్వాత తిన్నగా లాండ్రీకి వెళ్ళాను. మీ అమ్మ ఒక దుప్పటికి అటు కొసా, ఇంకొకావిడ ఇటు కొసా పట్టుకుని మడతపెడుతున్నారు.

"మ్యాట్నీకి రా," అన్నాను. "ఇవాళ నీ మాటలుంటాయి."

మీ అమ్మ నా మొహం కేసి చూసింది. "మీరా?" అంది.

"నేనే."

దుప్పటి మడత పూర్తి చేసింది. తర్వాత చేతులు తుడుచుకుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది, సెలవడగడానికి.

మధ్యలో నడవ పక్క సీట్లో కూర్చుంది. నేను కిటికీలోంచి ఆవిడ తలనే చూస్తున్నాను. గడియారాల కొట్టు అయింది. తెరమీద ఆడమనిషి అరిచింది. పెళ్ళి మాట రాగానే హాలు మళ్ళీ గొల్లుమంది. ఈసారి మీ అమ్మా నవ్వింది, భుజాలు ఊగడం నాకు కనపడింది. నవ్వుతూనే వెనక్కి తిరిగి తలెత్తి నా కిటికీ కేసి చూసింది. ఏమీ అనలేదు. దిగిరండి అన్నట్టే ఉంది.

మూలన చుక్క పడింది. ఏడో రీలు అందించాను. అప్పుడు నేను చెయ్యాల్సిన పనులన్నీ అలాగే వదిలేసి, అమ్మడూ, నేను దిగాను. ఇరవై రెండు మెట్లు. నీ ఆపరేటరు తెరమీద మెట్లు దిగుతుంటే నేను ఇక్కడ మెట్లమీద ఉన్నాను. కాబట్టి ఆ ముక్క తెరమీద ఈసారీ చూడలేదు, ఆ చిల్లు అలాగే ఉండిపోయింది.

వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చున్నాను. పక్క సీటు మీదున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి "రీలు అయిపోతుంది, వెళ్ళండి" అంది. "అవనీ" అన్నాను. ఎనిమిది నిమిషాలు ఇద్దరం పక్కపక్కన కూర్చుని సినిమా చూశాం. రీలు అయిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా చేతుల మీదుగా తెర తెల్లబడింది. ఈలలు, కేకలు, కుర్చీలు బాదడం, ఆపరేటర్ చచ్చాడా అని ఒకడు. మేనేజరు టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సంజాయిషీ రాసివ్వమన్నాడు. "భార్య పిలిచింది, దిగాను" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

అతికేటప్పుడు రెండు బొమ్మలు పోయాయి, అతుకంటే పోక తప్పదు. వాటిని ఈ కవర్లో పెడుతున్నాను. వెలుతురుకి పట్టి చూడు, నోరు తెరిచి పిలుస్తున్న మనిషి కనపడుతుంది. నీ సినిమా ఎలా ఉందంటే, ఇంటర్వెల్ ముందు పాట ఒకటి తీసేయొచ్చు, గడియారాల కొట్టు సీను సాగింది, మిగతాది బాగుంది. కోసినందుకు నన్ను క్షమించు. అబద్ధం రాసినందుకు మాత్రం నిన్ను క్షమించనని రాయబోతుంటే, మీ అమ్మ భుజం మీంచి చదివి కలం పట్టుకుంది.

"అది కొట్టేసి ఇంకోలా రాయండి," అంది. "కాస్త ఆలస్యమైనా దిగారుగా. అమ్మాయి అబద్ధం రాయలేదని రాయండి."

రాశాను.

ఇట్లు,
మెట్లు దిగివచ్చిన
మీ నాన్న