అవతల వింటున్నదెవరు

మంగళవారం, భోజనాల వేళ
కొట్లోంచి

స్టీరింగు బావకి,

నీ తాళ్ళ బావ నమస్కారాలు. మీ చెల్లెమ్మ కూడా అడిగానని చెప్పమంది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేననుకుంటూ మొదలుపెడుతున్నా.

ముందు నన్ను క్షమించు. బజార్లో మీ అక్కయ్య కనిపిస్తే, రేపే ఉత్తరం రాసి మీ చేతికిస్తానన్నాను. ఆ రేపు ఇన్నాళ్ళకి వచ్చింది. బద్ధకం కాదు బావా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక. నా చేతిరాత నీకు తెలుసు కదా, కోడి కెలికినట్టుంటుంది. ఆస్పత్రిలో దుప్పటి కావాలని చీటీ రాసిస్తే నర్సమ్మ దువ్వెన తెచ్చిచ్చింది. అందుకే మా అమ్మాయి కంప్యూటర్ కొట్టుకి తెచ్చుకుని టైపు చేస్తున్నా. అదీ నిలబడి. రెండు నైలాన్ తాడు చుట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన కంప్యూటర్ పెట్టా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నడుం సంగతి చెప్తా. ఉంది, ఎక్కడికీ పోలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి ఇంకా వెళ్తూనే ఉన్నా. మొదట్లో వెళ్ళినప్పుడల్లా, పూర్తిగా ఎప్పుడు పోతుందమ్మా అని ప్రాణం తీసేవాణ్ణి. ఆ పిల్ల ఒకరోజు విసుగొచ్చి, "ఖాళీ చేయించడానికి మీ నొప్పి అద్దెకున్నవాడు కాదు సార్, ఇంట్లో వాటా ఉన్నవాడు. సర్దుకుని బతకడం నేర్చుకోండి," అంది. అప్పట్నుంచి సర్దుకుంటున్నా. టార్పాలిన్ చుట్టలు ఎత్తడం మానేశా, నేలమీద దొర్లిస్తా. కాసేపు కూర్చుంటే కాసేపు నిలబడతా. గిరాకీ ఉన్నా లేకపోయినా పొద్దునా సాయంత్రం వీధి చివరిదాకా నడిచొస్తా. సైకిళ్ళ కొట్టాయన, ఏం పారేసుకున్నారు సార్, రోజూ వెతుకుతున్నారు అని ఎగతాళి. మొన్న పన్ను పీకించుకోడానికి వెళ్తే, నోరు తెరవకముందే మన పాత కథ చెప్పేశా, అలవాటైపోయే ఆ రకం నొప్పి మాత్రలు నాకు రాయొద్దని. చెప్తుంటే సిగ్గేసింది. పళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసి, చెప్పి మంచిపని చేశారు, వేరే దారి చూద్దాం అన్నాడు. సిగ్గు సగం తగ్గింది.

అసలు కష్టం మధ్యాహ్నమే. ఎండకి బజారు మొత్తం ఖాళీ అయిపోతుంది. అందరూ షట్టర్లు దించుకుని భోజనాలకి పోతారు. ఎదురుగా మందుల షాపు ఒక్కటే తెరిచి ఉంటుంది. సరిగ్గా అప్పుడే, పొద్దుట్నుంచీ నిలబడ్డ నడుం ఒక్కసారిగా పట్టేస్తుంది. ఇవతల నొప్పి, అవతల షాపు, మధ్యలో ఒక్క రోడ్డు. అంతే బావా నా లోకం.

అందుకే కదా మనం ఆ ఒప్పందం చేసుకున్నాం. నీకు గుర్తుచేయక్కర్లేదు గానీ, నా బుర్రలో సంగతులు వరసగా ఉండాలని రాస్తున్నా. మాత్రల అలవాటు మాన్పించే వార్డులో పక్కపక్క మంచాలు మనవి. నీది బస్సు తోలి తోలి పోయిన నడుం, నాది బరువులు మోసి పోయిన నడుం. ఇద్దరం ముందు నొప్పి కోసం మాత్రలు మింగాం, తర్వాత మాత్రల కోసం మాత్రలు మింగాం. బయటికొచ్చాక నొప్పి పట్టినప్పుడల్లా ఫోన్ చేసుకునేవాళ్ళం. ఏం మాట్లాడుకున్నా చివరికి ఆ మాత్రల దగ్గరికే వచ్చేవాళ్ళం, పాత ప్రియురాలి ముచ్చట్లలాగా. కౌన్సెలరమ్మ విని, ఇలాగైతే మీరిద్దరూ కలిసే మునుగుతారు అని రూలు పెట్టింది. ఫోన్ చేసినవాడు, నొప్పి తగ్గడానికి తనేం చేస్తున్నాడో పైకి చెప్పాలి. ఎత్తినవాడు నోరు మెదపకూడదు, వినాలి అంతే. తగ్గాక చేసినవాడే పెట్టేయాలి.

నేనైతే రోజూ అదే పాట. షట్టరు సగం దించి, నేలమీద పట్టా పరుచుకుని, ఫోన్ చెవి పక్కన పెట్టి, "మాట్లాడకు, విను బావా," అని మొదలెట్టేవాణ్ణి. వెల్లకిలా పడుకున్నా. మోకాళ్ళు మడిచా. నడుం కింద వేడి సంచి పెట్టా. పొట్టలోకి పీలుస్తున్నా, ఛాతీలోకి కాదు. చివర్లో నువ్వు నేర్పిన మాట ఉండనే ఉంది: ఇది లారీలాంటిది, హారన్ కొట్టుకుంటూ వస్తుంది, పక్కకి తప్పుకుని నిలబడితే దాని దారిన అది పోతుంది. అవతల నీ ఊపిరి వినపడేది. నాకది చాలు.

ఎప్పట్నుంచో చెప్పలేను గానీ, ఆ ఊపిరి మారింది.

ముందు గమనించింది నీ దగ్గు లేకపోవడం. బీడీ మానేసి బాగుపడ్డాడు మా బావ అనుకున్నా. తర్వాత ఏదో మంచం కిర్రుమనడం, చాలా నెమ్మదిగా, నేను మోకాళ్ళు మడిచా అన్న కాసేపటికి. ఏదో నీళ్ళు మరుగుతున్న చప్పుడు, ఆవిరి బుస్సుమన్నట్టు. నీ ఇంట్లో అలాంటి చప్పుళ్ళేంటో అర్థంకాలేదు. అడుగుదామంటే రూలు. ఇంకొన్నాళ్ళకి ఆ ఊపిరి నా ఊపిరితో కలిసి నడవడం మొదలెట్టింది. నేను పీలిస్తే అదీ పీలుస్తుంది, వదిలితే వదులుతుంది. ఎంత శ్రద్ధగా వింటున్నాడు మావాడు అని మురిసిపోయా. ఒకరోజు నేను పీల్చకముందే అది పీల్చింది. నాకంటే ఒక్క అరక్షణం ముందు. ఆ పూటంతా నేను దాని వెనక నడిచాను బావా, గుడ్డివాడు కర్ర పట్టుకుని నడిచినట్టు.

ఇంకోటి. నీ నుంచి ఫోన్లు రావడం మానేశాయి. నొప్పి సర్దుకుంది కాబోలు, నాతో పనిలేకుండా పోయిందని నేను సంతోషించాను. మీ చెల్లెమ్మకి గొప్పగా చెప్పాను కూడా.

అప్పుడు కనిపించింది మీ అక్కయ్య. బకెట్లు బేరమాడుతోంది. మీ తమ్ముడు రోజూ నా గోల వింటున్నాడమ్మా, ఓపికమంతుడు అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "వాడి దగ్గర ఫోనెక్కడిది అన్నయ్యగారూ. అది పోయి చాలా రోజులైంది. కొనుక్కోరా అంటే కొనుక్కోడు," అంది.

మిట్టమధ్యాహ్నం బావా. ఎండ మాడిపోతోంది. నా వీపు మాత్రం చల్లబడిపోయింది.

ఇంటికొచ్చి మీ చెల్లెమ్మకి చెప్పా. భయపడుతుందనుకుంటే, చేస్తున్న పని ఆపకుండా, "అది ఏ దయ్యమో అయితే నాకు దానిమీదే జాలి. రోజూ మీ నడుంనొప్పి పురాణం వినిపించారుగా పాపం," అంది. ఆ రోజుకి నవ్వేశా. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేతిలోకి తీసుకుంటే మాత్రం వేలు కదల్లేదు. ఇన్నాళ్ళూ నా బలహీనతంతా ఎవరి చెవిలో పోశాను? పెళ్ళానికి కూడా చెప్పని మాటలున్నాయి అందులో.

ఫోన్ చేయడం మానేశా. ఒక్కణ్ణే పడుకుని పైకి చెప్పుకునేవాణ్ణి. నీలం పట్టాల్లోంచి వచ్చే వెలుతురుకి కొట్టంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. మూలన నిలబెట్టిన చుట్టలు, గోడకి ఆనుకుని ఎవరో మనుషులు వింటున్నట్టుండేవి. నా మాట నాకే వినపడి ఆగిపోయేది. ఊపిరి మీద ధ్యాస నిలిచేది కాదు, చెవులు ఇంకో ఊపిరి కోసం వెతికేవి. నొప్పి రోజురోజుకీ ముదిరింది. ఫిజియో అమ్మాయిని అడిగితే కండరం పాడవలేదు, మీరు బిగుసుకుపోతున్నారు, దేనికో భయపడుతున్నారు అంది. దేనికో చెప్తే ఏమనుకుంటుంది?

శనివారం నాడు నావల్ల కాలేదు. ఎవరో టెంటు వేసుకోడానికి పెద్ద పట్టా కావాలంటే వంగి కత్తిరించాను. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయా. వాళ్ళు పోయాక షట్టరు కింద నుంచి చూస్తే మందుల షాపు కనపడింది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు గడప దాటానో తెలీదు, చూసుకునేసరికి రోడ్డు అంచున ఉన్నా. షాపాయన పాత మనిషే. నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. చెయ్యి మాత్రం దానంతటదే కింది సొరుగు మీదికి వెళ్ళింది. నవ్వాడు కూడా, చాలా రోజులకొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు. ఒక్క పూటకే కదా అని నా లోపలివాడు అన్నాడు. వాడి గొంతు నీకూ తెలుసు.

అక్కడ నిలబడే నీ నంబరు నొక్కాను. దయ్యమైతే దయ్యమే అయింది, ఆ సొరుగుకంటే నయం అనుకున్నా. అవతల ఎత్తారు. అదే ఊపిరి. ఈసారి నేను మాట్లాడకు అనలేదు, అసలు ఏమీ అనలేకపోయాను.  నడుం పట్టుకుని రొప్పుతున్నా.

అప్పుడది మాట్లాడింది బావా. ఆడ గొంతు. ముసలి గొంతు, ఎన్నాళ్ళనించో వాడని తలుపు తీసినట్టు.

"కంగారుపడకు బావా. వెల్లకిలా పడుకో. మోకాళ్ళు మడిచావా?"

నా మాటలు. నేను ఆపే చోటే ఆపుతూ, నేను సాగదీసే చోటే సాగదీస్తూ. సంచి పెట్టావా అంది. పొట్టలోకి పీల్చు, ఛాతీలోకి కాదు అంది. నా ఒంట్లో వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి, కాళ్ళు మాత్రం ఆ మాట విన్నాయి. వెనక్కి తిరిగి కొట్లోకొచ్చి పట్టా మీద పడుకున్నా. ఆవిడ చెప్తూనే ఉంది. చివరికి, "ఇది లారీలాంటిది. పక్కకి తప్పుకో. పోతుంది," అంది. అది నీ మాట. నా మాటల కింద నుంచి నీ మాట, ఎవరో తెలీని గొంతులో. పోయింది బావా నొప్పి. పూర్తిగా కాదనుకో, రోడ్డు దాటక్కర్లేనంత.

తగ్గాక నేనే పెట్టేశా. రూలు ప్రకారం.

ఇదీ సంగతి. నీ ఫోన్ ఏ బస్సులోనో జారిపోయి ఎవరికో దొరికుంటుంది. అలాంటివి జరుగుతుంటాయి. నువ్వేం మనసులో పెట్టుకోకు. నీ నడుం ఎలా ఉందో రాయి. ఉత్తరం మీ అక్కయ్య చేతికిస్తున్నా, కవరు గట్టిగా అంటించి. ఆవిడ చదవదులే.

ఎప్పటికీ నీ
తాళ్ళ బావ

తా.క. చివర పేరు టైపు చేసి, అచ్చు తీయించబోయి ఆగాను. ఇంతసేపూ తెలీనట్టు రాశాను. నావల్ల కావట్లేదు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆదివారం మళ్ళీ చేసి, రూలు పక్కనపెట్టి, ఎవరమ్మా నువ్వు అని అడిగా. ఊరి ఆ చివర, మీ వైపే, ఇస్త్రీ దుకాణం వెనక గదిలో ఉంటుంది. జారిపడి నడుం విరిగి మంచం పట్టిన మనిషి. ముందు గదిలో కూతురు ఇస్త్రీ చేస్తుంటే ఫోన్ తల్లి దిండు పక్కనుంటుంది. ఇన్నాళ్ళూ ఎందుకు పలకలేదమ్మా అంటే, "మాట్లాడకు అన్నావుగా నాయనా. పలికితే ఇంక చేయవేమోనని భయమేసింది," అంది. నేను చెప్పినవన్నీ ఆవిడా చేసిందట. నా ఊపిరి పట్టుకుని లేచి కూర్చుందట. నిన్న ఫిజియో అమ్మాయిని వెంటబెట్టుకెళ్ళా. ఒకరి వైద్యం ఇంకొకరు చేసుకుంటారా, విరిగిన నడుంతో ఆటలా అని మా ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టి, ఆవిడకి తగినవి వేరే నేర్పింది. ఆవిడ ఆ మంచం మీద నా మాటలు నా యాసలో అంటుంటే చూడటానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఫోన్ ఎక్కడిదని కూతుర్ని అడిగా. దాచదలుచుకోలేదు బావా, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. "మందుల షాపు పక్కన ఒకాయన నిలబడున్నాడు. ఒక్క మాత్రల షీటుకి సరిపడా డబ్బులివ్వమ్మా చాలు, ఫోన్ తీసుకో అన్నాడు. సిమ్ము తీసుకోండి బాబాయ్ అంటే, వద్దు, దానికి రోజూ ఒకడు ఫోన్ చేస్తాడు, వాడికి నేనేం చెప్పను అన్నాడు."

అక్కణ్ణుంచి మీ వీధి మొదటిదాకా నడిచొచ్చాను. చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే దొంగని పట్టుకున్నట్టుంటుందని వెనక్కొచ్చేశా. నాకేమీ చెప్పక్కర్లేదు నువ్వు. నేను తిట్టను, మన రూలే అంత, వినడమే నా పని. మన వార్డు డాక్టరుగారిని నీ ఊసెత్తకుండా అడిగా. మళ్ళీ జారినవాళ్ళు చాలామంది వస్తారు, అందులో వింతేం లేదు అన్నాడు. తనంతట తను ఒక్కసారిగా ఆపేయొద్దని చెప్పండి, నా దగ్గరికి తీసుకురండి, నెమ్మదిగా దింపుదాం అన్నాడు. ఆ ఆస్పత్రి గేటు దగ్గరికి ఒక్కడివే వెళ్ళక్కర్లేదు. బస్సులో ఎక్కువసేపు కూర్చోలేను గానీ, నిలబడి వస్తాను. పొద్దున్నా సరే, మధ్యాహ్నం కొట్టు కట్టేసైనా సరే. మీ అక్కయ్య చేత ఒక్క మాట చెప్పి పంపు బావా, ఎప్పుడు కలుద్దాం?