పుట్టింటి చెత్త

ఏప్రిల్ 24
మా పంచాంగంలో రేపు వేసవి మొదటి రోజు. బయట మంచు పడుతోంది.

పళ్ళెంలో నీళ్ళు పోసి గుమ్మం పక్కన పెట్టాను. రాత్రికి గడ్డకడితే చలికాలం, వేసవి కలిసి గడ్డకట్టినట్టు. ఏడాది బాగుంటుంది. థర్మామీటర్ ఉండగా పళ్ళెం దేనికని కోల్బేన్ నవ్వాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఏటా నవ్వుతూనే ఉన్నాడు.

ఈడర్ బాతులు అఖాతంలోకి వచ్చాయి. మగవాటి కూత మొదలైంది. పక్కింటి కబుర్లు వింటున్న ముసలమ్మల్లా ఒకటే "ఔనా! ఔనా!"

ఊళ్ళో వృద్ధాశ్రమం నుంచి అత్తగారు ఫోన్ చేశారు. వచ్చాయన్నాను. "నీళ్ళలోకి అందరికీ వస్తాయే. ఒడ్డెక్కాయా అని అడుగుతున్నా," అన్నారు. మా ఒడ్డు మీద గూళ్ళు పెట్టి, రొమ్ము మీది నూగు పీకి పరిచి అవి గుడ్లు పొదుగుతాయి. ఆ నూగుతోనే ఈ ఇంట్లో మూడు తరాల దుప్పట్లు కుట్టారు. నిరుడు శరత్తులో ఊరికి వెళ్తూ అత్తగారు ఆ ఒడ్డుని నాకు అప్పగించారు. ఇది నా మొదటి ఏడు.

ఏప్రిల్ 25, ఉదయం ఆరు
పళ్ళెంలో గడ్డ! వేలితో కొడితే టంగుమంది.

కోల్బేన్‌కి వేసవి కానుకగా ఉన్ని మేజోళ్ళు ఇచ్చాను. వెంటనే తొడుక్కున్నాడు.

మే 8
అఖాతం నిండా బాతులే. ఒడ్డు మీద ఒక్కటీ లేదు.

నా వైపు నుంచి లోటేమీ లేదు. ఒడ్డు ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు. అత్తగారి హయాంలో అక్కడ లేనిదంటూ లేదు: పాత టైర్లు, కుళ్ళిన పడవ చెక్కలు, చిరిగిన వలలు, చిల్లుల కెటిల్, పీలికలు. శరత్తులోనే ట్రైలర్లో ఎత్తించి డంపుకి పంపేశాను. పాత గూళ్ళలో మురికి నాచంతా ఊడ్చాను. కొత్త చెక్కపెట్టెలు కొని, తెల్ల రంగు వేసి, వరుసగా పేర్చాను. గాలికి కదలకుండా రాళ్ళు కూడా పెట్టాను.

అవతలి ఒడ్డున థోర్ఫిన్ వాళ్ళకి అప్పుడే గూళ్ళు మొదలయ్యాయట.

మే 11
ఈ పూట ఒక ఆడబాతు ఒడ్డెక్కింది. కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మెడ చాచి నా పెట్టెల్ని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. వెనక్కి తిరిగి నీళ్ళలోకి దిగిపోయింది.

రాత్రి భోజనం దగ్గర కోల్బేన్ మనసులో మాట చెప్పాడు. ఊళ్ళో ఒకాయన ఆ ఒడ్డు మీద టూరిస్టులకు కేబిన్లు కడతానంటున్నాడట. నెలాఖరుకి కొలతలకి వస్తాడట. "బాతులు రాకపోతే సంతకం పెడతాను. వస్తే పెట్టను. నీ ఇష్టం, వాటి ఇష్టం," అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మాటలో తప్పు దొరకలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

మే 13
కనుమ దాటి ఊరికి వెళ్ళాను. పైన పొగమంచు. రోడ్డు అంచు తెలియడానికి పాతిన పసుపు కర్రలు చూసుకుంటూ మెల్లగా నడిపాను.

అత్తగారికి ఇష్టమని పిండితో క్లేనుర్ వేయించి తీసుకెళ్ళాను. కాఫీలో ముంచుకు తింటూ, కెటిల్ దగ్గర ఎవరు పెట్టారు గూడు అని అడిగారు. కెటిల్ లేదన్నాను. టైర్లో? టైరూ లేదు. చివరికి అంతా చెప్పాను. తెల్ల రంగు పెట్టెల దాకా వచ్చేసరికి ఆవిడ కప్పు కింద పెట్టేశారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. కాఫీ ఒలికింది.

"ఒసే పిచ్చిదానా! పురిటికి పుట్టింటికి వస్తాయే అవి. వచ్చి చూస్తే పుట్టిల్లు లేదు, ఆసుపత్రి ఉంది!"

పక్క గదిలో ఆవిడని కూడా పిలిచి మళ్ళీ చెప్పించారు. ఇద్దరూ నవ్వారు. ఆ టైరు నీడ, ఆ నాచు వాసన, గాలికి ఆడే ఆ పీలిక, అవే వాటికి గుర్తులట. "నీ ఇల్లు నీ ఇష్టం, అద్దంలా పెట్టుకో. వాళ్ళ ఇంట్లో చీపురు పట్టకు," అన్నారు. వచ్చేటప్పుడు మాత్రం నా చెయ్యి వదల్లేదు. "ఈసారి థోర్ఫిన్ దగ్గర కూర్చుంటే మళ్ళీ మన దగ్గరికి రావు. తొందరపడవే అమ్మా," అన్నారు. అప్పుడు నవ్వలేదు.

మే 14
డంపు చూసుకునే ఓడ్డూర్ నన్ను ఎగాదిగా చూశాడు. "పారేయడానికి అందరూ వస్తారమ్మా. పారేసింది వెతుక్కోవడానికి వచ్చింది నువ్వే," అన్నాడు. టైర్లు దొరికాయి, వలలు దొరికాయి. కెటిల్ దొరకలేదు. దాని బదులు ఎవరిదో చంటిపిల్లల స్నానాల తొట్టి, వెనక భాగం లేని టీవీ ఇచ్చాడు. "బాతులకి టీవీ ఉంటే మీ ఇంట్లోంచి కదలవు," అన్నాడు.

కోల్బేన్ సణుగుతూనే ట్రాక్టర్ తెచ్చాడు. అన్నీ ఎక్కడెక్కడ ఉండేవో నాకు గుర్తులేదు. ఆయనకి గుర్తుంది. చిన్నప్పుడు ఆ టైర్ల మధ్యే ఆడుకున్నాడట. చెప్పకుండానే తన పాత పసుపు చేపలవేట కోటు కర్రకి తగిలించి ఒడ్డున పాతాడు. తల్లి రేడియో కూడా తెచ్చి, టార్పాలిన్ కప్పి, వార్తలు పెట్టాడు. మనిషి అలికిడి ఉంటే నక్కలు దగ్గరికి రావట.

తాజా నాచు మోసి మోసి నడుము పోయింది. ఆరిన బట్టల బుట్ట ముందు గుమ్మం దగ్గరే వదిలేశాను. రేపు తీయాలి.

మే 16
ఉత్తరపు గాలి. మంచు. కనుమ మూసేశారు. ఒడ్డు కనిపించడం లేదు.

మే 17
అదే.

మే 19
తెరిపి ఇచ్చింది. అంతా తెలుపు. నా పెట్టెలకి వేసిన తెలుపే ఒడ్డంతా వేసినట్టుంది. మంచులోంచి పసుపు కోటు, టైర్ల అంచులు మాత్రం కనిపిస్తున్నాయి. బుట్ట నిండా మంచే.

పళ్ళెం మాట నమ్మినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అదే రోజు, సాయంత్రం
పెద్ద టైరు కింద ఏదో గోధుమరంగు ఉంది. రాయి అనుకున్నాను. రాయి తల తిప్పింది.

కోల్బేన్‌ని పిలిచాను. ఇద్దరం మేజోళ్ళతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాం. రేడియోలో ఎవరో చేపల ధరలు చదువుతున్నారు. అది శ్రద్ధగా వింటోంది.

మే 27
టైర్లలో ఉన్నాయి. పడవ చెక్కల కింద ఉన్నాయి. తొట్టిలో ఒకటి, టీవీలో ఒకటి. రెండుసార్లు లెక్కపెడితే రెండు రకాలుగా వచ్చింది. నాకు లెక్క కలవకపోతే నిద్ర పట్టదు. నిన్న పట్టింది.

నా తెల్ల పెట్టెల్లో ఒక్కటీ లేదు. ఉల్లిపాయలకి వాడుకుంటాను.

కేబిన్ల ఆయన ఫోన్ చేశాడు. కోల్బేన్ గొంతు సవరించుకుని, "క్షమించాలండీ, మా దగ్గర గదులన్నీ నిండిపోయాయి," అని పెట్టేశాడు. ఆ పూటంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

బుట్టలో మంచు కరిగింది. బట్టలు ఎండాయి. ఎందుకో తీయబుద్ధి కాలేదు. ఉండనీ.

జూన్ 2
అత్తగారిని ఒక్కరోజుకి ఇంటికి తెచ్చాం. కారు దిగగానే కర్ర పట్టుకుని నేరుగా ఒడ్డుకి నడిచారు. ఒక్కొక్కదాన్నీ పలకరించారు: "ఏమే, వచ్చావా? నీ కాలు నయమైందా?" మేం అడుగు దూరంలో ఉండగానే బుసకొట్టే బాతులు ఆవిడ చెయ్యి పొట్ట కిందికి పోనిచ్చాయి. గుప్పెడు నూగు తీసి, బదులు ఎండుగడ్డి పెట్టి, నా అరచేతిలో ఉంచారు. బరువే లేదు. వెచ్చగా ఉంది.

టీవీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "ఇది మాత్రం నాకు తట్టలేదు," అన్నారు.

జూన్ 3
ముందు గుమ్మం నెలాఖరు దాకా వాడకూడదు. అత్తగారిని గొర్రెల కొట్టం వైపు నుంచి పంపించాం. నా నీలం స్వెటర్ కూడా అప్పటి దాకా లేనట్టే. బుట్టలో, దాని మీద, ఒక ఆడబాతు కూర్చుని ఉంది.