కారు పార్కులో కారు లేని మనిషికి చోటు

అత్లోన్,
ఫిబ్రవరి 2021.

ఆసుపత్రి ఆవరణ మరియు వాహనముల నిలుపుదల నిర్వహణాధికారి గారి సముఖమునకు,

విషయం: ప్రసూతి విభాగము ఎదుటనున్న కారు పార్కులో, కారు లేని భర్తకు ఒక కారు పట్టునంత స్థలమును తాత్కాలికముగా కేటాయించుట గురించి.

అయ్యా,

అత్లోన్ పట్టణ నివాసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్రస్తుతం వంటింటి బల్ల మీద నుంచే ఉద్యోగం చేయుచున్న హనుమత్ప్రసాద్ అను నేను తమకు సవినయముగా చేసుకొను మనవి ఏమనగా:

ఇదే విషయమై ఇంతకుముందు ఇంగ్లీషులో ఒక ఈమెయిలు పంపుకొనియుంటిని. "నోటెడ్, థాంక్యూ" అని సమాధానం వచ్చింది. నేను ఇంగ్లీషులో రాస్తే మర్యాద ఎక్కువై బాధ కనపడకుండా పోతోందని తమ ఆసుపత్రిలోనే పిల్లల డాక్టరుగా ఉన్న ఇందుమతి గారు సెలవిచ్చారు. తెలుగులో రాసివ్వండి, నేను వాళ్లకు చదివి చెబుతాను అన్నారు. అందుచేత ఈ అర్జీ ఆవిడ నోటి ద్వారా తమకు చేరును. ఆవిడ గొంతులో కోపం వినిపించినచో అది నాదేనని గ్రహించగలరు.

1. నా భార్య సాహితి తమ ఆసుపత్రిలో ప్రసూతి నిమిత్తము నమోదైయున్నది. కోవిడ్ నిబంధనల మేరకు పరీక్షలకు ఆమె ఒక్కతే లోపలికి వెళ్లవలెను. కాన్పు సమయమున మాత్రము భర్తను ఫోను చేసి పిలిచెదరు. అంతవరకు అతడు "తన కారులో" వేచియుండవలెనని తమరు పంపిన కాగితంలో ఉన్నది. పిలిచిన వెంటనే రానిచో అతని కోసం ఆగరట. నిబంధన పట్ల నాకు పూర్తి గౌరవము కలదు. కారు మాత్రం లేదు.

2. కారు ఎందుకు లేదని తమరు అడగవచ్చు. అందరూ అడుగుతున్నారు. డిసెంబరులో మా మిత్రుడు హేమచంద్ కొత్త కారు కొనుక్కుంటూ పాతది నాకిస్తానన్నాడు. బేరం కుదిరింది. మా అత్తగారు సులోచన గారు కాకినాడ నుంచి వీడియో కాల్‌లో ఆ మాట విని, "ధనుర్మాసంలో బండేంటి బాబూ? కడుపుతో ఉన్న పిల్ల ఎక్కే బండి. పండగెళ్లాక మంచిరోజు చూసి తీసుకోండి" అన్నారు. ఆగాము. ఈలోగా ఆ కారును డండాక్ నుంచి ఎవరో వచ్చి పట్టుకుపోయారు. పండగ వెళ్లేసరికి లాక్‌డౌన్‌లో షోరూములు మూసి ఉన్నాయి. అది చాలదన్నట్టు ఇప్పుడు మూఢం నడుస్తోందని అత్తగారే మళ్లీ చెప్పారు. (ఇందుమతి గారూ, మూఢం సంగతి వాళ్లకు వివరించకండి. షోరూములు మూశారని చెప్పండి, చాలు.) నా డ్రైవింగు పరీక్ష కూడా వాయిదాలోనే ఉన్నది. అయినను నాకు కారు కావలసినది నడపడానికి కాదు, కూర్చోవడానికి.

3. గత నెల స్కానింగు రోజున సాహితిని తలుపు దాకా నడిపించి, నేను పార్కింగు టికెట్ల యంత్రం పక్కన రేకు కింద నిలబడ్డాను. వాన. తమ సెక్యూరిటీ ఉద్యోగి డెక్లన్ గారు వచ్చి కారులో కూర్చోమన్నారు. లేదన్నాను. మరి ఎక్కడ పార్క్ చేశావన్నారు. ఎక్కడా చేయలేదన్నాను. ఆయన పాపం చాలాసేపు ఆలోచించి, కారు లేకుండా కారు పార్కులో ఉండకూడదని, గేటు బయట బస్టాపులో నిలబడమని చెప్పారు. మర్యాదగానే చెప్పారు. బస్టాపులో నిలబడితే వచ్చిన ప్రతి బస్సూ నా కోసం ఆగి తలుపు తీసింది. ఎక్కనని చెయ్యి ఊపితే డ్రైవర్లకు కోపం.

ఆ సమయంలో లోపల సాహితికి మాయ బాగా కిందికి ఉందని, రక్తస్రావం కావచ్చని, ఆపరేషన్ చేయక తప్పదని చెప్పారు. ఆ మాట ఆమె ఒంటరిగా విన్నది. మాస్కులోంచి చెబుతుంటే సగం అర్థం కాక, మళ్లీ అడగడానికి మొహమాటపడి, చేతిలో పెట్టిన కాగితం పట్టుకుని బయటకు వచ్చింది. రోడ్డు దాటి నా దగ్గరికి చేరేసరికి మా ఊరి బస్సు వచ్చి ఆగింది. సీట్లలో పావు వంతు నింపడానికే అనుమతి గనుక ఒక్కరికే చోటుందన్నాడు డ్రైవరు. ఆమెను ఎక్కమన్నాను. ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయాక రోడ్డు మీదే నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇది అర్జీలో ఉండదగిన ముక్క కాదని ఎరుగుదును.

4. తరువాతి పర్యాయము నేను తగు ఏర్పాటుతో వచ్చితిని. మా రాష్ట్రమున ఆర్టీసీ బస్సులు కలవు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిది సీటు. తరువాత ఎంతటివాడు ఎక్కినా ఆ తువ్వాలును కదపడు. కదిపితే పోట్లాటే. ఈ న్యాయము ఇక్కడ కూడా చెల్లునని తలచి, ప్రసూతి తలుపుకు దగ్గరగా ఖాళీగా ఉన్న ఒక గడిలో మంచి తువ్వాలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పార్కింగు టికెట్టు కూడా కొని దాని మీదనే ఉంచి, పక్కన నిలబడితిని. రుసుము కట్టినవాడిని ఎవరు లేపగలరని నా ధైర్యం. ఇంతలో పెద్ద జీపు ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి తువ్వాలు మీదికి ఎక్కింది. నేను కేకలు వేశాను. అందులోని ఆయన ఎవరినో తొక్కేశానని హడలిపోయి దిగి, తువ్వాలును చూసి, నన్ను చూసి, సారీ చెప్పాడు. జీపు మాత్రం తీయలేదు.

డెక్లన్ గారు వచ్చి ఇదేమిటని అడిగితే ఆర్టీసీ సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "ఫెయిర్ ప్లే టు యూ" అని మెచ్చుకుని, "కానీ తువ్వాలుకు నంబరు ప్లేటు ఉండదు కదా" అన్నారు. మరుసటి వారం ఆ తువ్వాలును ఉతికించి, మడతపెట్టి, కవరులో పెట్టి నా చేతికిచ్చారు. ఆయనపై నాకు ఎట్టి ఫిర్యాదూ లేదు.

5. హేమచంద్ ఒకసారి తన కొత్త కారులో మమ్మల్ని తీసుకొచ్చాడు. ఊరు దాటగానే పోలీసు గార్డులు ఆపి, రెండు ఇళ్లవాళ్లు ఒకే కారులో ఎందుకున్నారని, మీ ఇద్దరిలో ఈమె భర్త ఎవరని అడిగారు. కంగారులో హేమచంద్ చెయ్యెత్తాడు. అది సర్దిచెప్పి బయటపడేసరికి తాతలు దిగివచ్చారు. ఇప్పుడు వాళ్ల మందుల ఫ్యాక్టరీ షిఫ్టులో ఒకరికి కోవిడ్ రావడంతో అతను గది తలుపేసుకుని కూర్చున్నాడు.

6. ట్యాక్సీ దింపిపోవును గానీ వేచియుండదు. ఇంటి వద్దనే ఉండి, తమ పిలుపు అందిన పిమ్మట బయలుదేరినచో బిడ్డ నాకంటే ముందు వచ్చును.

7. నిన్న సాహితి బట్టలు సర్దుకుంటూ ఉన్నట్టుండి ఆపేసి అంది: "కోత గురించి నాకు భయం లేదు. ఏమన్నా అయితే వాళ్లు చెప్పేది నాకు అర్థం కాకపోతేనో? నా పక్కన తెలుగులో మాట్లాడే మనిషి ఒక్కరన్నా ఉండాలి. నువ్వుండాలి. ఎలా ఉంటావో నాకు తెలీదు."

నాకూ తెలియదు. రాత్రంతా ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగాను. అందుకే ఈ అర్జీ.

కావున తమరు దయతలచి, నా భార్య ఆపరేషన్ జరుగు దినమున సదరు కారు పార్కులో ఒక గడిని నా పేర కేటాయింప ప్రార్థన. మడత కుర్చీ, గొడుగు నేనే తెచ్చుకొందును. కారుతో సమానముగా రుసుము చెల్లింతును. గీతలు దాటను. హారను మోగించను. వెనుకకు వచ్చు వాహనములకు కనపడునట్లు మెరిసే పసుపు జాకెట్టు ధరింతును. వేచియున్నంతసేపు ఇంజను ఆపి ఉంచవలెనను నిబంధనను తు.చ. తప్పక పాటింతునని హామీ ఇచ్చుచున్నాను.

తమ తీరిక వేళ కాకపోయినను, ఈ వారంలోనే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ గేటు బయట నిలబడియున్న విధేయుడు,
హనుమత్ప్రసాద్

తా.క. ఇందుమతి గారికి ఇద్దామని ఈ అర్జీ జేబులో పెట్టుకుని ఈ ఉదయం సాహితిని చెకప్‌కు తీసుకొచ్చాను. లోపలికి వెళ్లిన కాసేపటికే ఫోను చేసింది. రక్తం కనిపించిందట. ఆపరేషన్ ఈరోజేనట. "ఎక్కడికీ వెళ్లిపోకు" అంది. ఇంకేదో చెప్పబోతుంటే ఫోను కట్టయిపోయింది.

నేను గేటు బయటికి వెళ్లలేదు సార్. తలుపుకు ఎదురుగా ఖాళీగా ఉన్న గడిలో నిలబడి, కాగితం అరచేతిలో పెట్టుకుని ఈ ముక్క రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించండి. డెక్లన్ గారు దూరం నుంచి నన్ను చూశారు, ఇటు రాలేదు. ఇందాక ఒక కారు వచ్చి నా ముందు ఆగింది. లోపలున్నతను అద్దం దించి, ఈ చోటు ఎవరికోసమైనా పట్టి ఉంచావా అని అడిగాడు. నా భార్య లోపల ఉంది అన్నాను. నా భార్యా లోపలే ఉంది అని, అతను ఇంకో గడి వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు.

నాకు కుర్చీ వద్దు. గడీ వద్దు. ఫోను చేతిలోనే ఉంది, నన్ను పిలిపించండి చాలు. ఈ కార్లలో ఉన్న భర్తలందరూ పిలుపు వచ్చాక బెల్టు తీయాలి, దిగాలి, తాళం వేయాలి. నేను నిలబడే ఉన్నాను.