ఇంట్లో ఎంతమంది

ప్రియమైన అమ్మకు,

యుద్ధంలో మామూలు జనం ఎంతమంది పోయారో తేల్చే సర్వేలో నాకు పని దొరికింది. ఇల్లిల్లూ తిరిగి, ఏడాది మొదట్లో ఈ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, ఇప్పుడు ఎవరున్నారు అని అడుగుతాం. అడగడం తేలికే, విన్నాక అన్నం సహించడం లేదు. తమ్ముడు ఒక్క ముక్కయినా రాయడేం? అంత పొగరెక్కిందా వాడికి?

నీ చిన్ని

చిన్నీ,

వాడి సంగతి నీకు తెలియందేముంది, ఉత్తరం రాయమంటే ఒళ్లు బరువు. కర్మాగారంలో రెండు షిఫ్టులు చేస్తున్నాడు, ఇంటికొచ్చేది పడుకోవడానికే. నువ్వు మాత్రం ఇటు బయల్దేరకు. దారిలో కాల్పులు ఇంకా ఆగలేదు. వేళకింత తిను, అక్కడ నిన్ను బతిమాలి పెట్టేవాళ్లెవరూ లేరు.

అమ్మ

ప్రియమైన అమ్మకు,

మనసేం బాగాలేదు. పోయినవాళ్ల పేరు చెబితే రేషన్ కార్డులోంచి కొట్టేస్తారని భయపడి జనం చావులు దాస్తున్నారు. నిన్న ఒకావిడ అందరం బాగానే ఉన్నామంది. కళ్లు చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా ఆమె చెప్పిందే రాసుకొచ్చాను. ఇలాగే రాసుకుంటూ పోతే, బాంబులు వేసినవాళ్లు పెద్దగా ఎవరూ పోలేదంటారు.

వచ్చే వారం మన వీధి వంతు. అక్కడ ఇల్లిల్లూ అడగడానికి మన ఊరి నర్సమ్మనే పెట్టుకున్నాం. నీ మాటంటే అందరికీ గురి కదా, రేషన్‌కీ మాకూ సంబంధం లేదని, ఉన్నదున్నట్టు చెప్పమని నువ్వే నచ్చజెప్పు.

నీమీదే ఆశ పెట్టుకున్న
చిన్ని

నా తల్లీ,

నువ్వన్నట్టే వీధంతా తిరిగాను. ఎదురింటావిడ మొదట కసిరి, తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. నర్సమ్మ వచ్చినప్పుడు వీధిలో ఎవరూ ఏదీ దాచలేదు.

చివరికి మన గుమ్మం ఎక్కి, మీ ఇంట్లో ఎంతమందమ్మా అంది. ఇద్దరం అన్నాను. నీకు రాసి రాసి అదే అలవాటైపోయింది. ఆమె రాసుకోబోతోంది. ఎదురింటావిడ తన గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. అందరిచేతా నిజం చెప్పించి నేనొక్కదాన్నే అబద్ధమాడితే ఎలా? నర్సమ్మ చెయ్యి పట్టుకుని, ఒక్కదాన్నే ఉన్నానని చెప్పాను.

కర్మాగారం మీద బాంబు పడిన రోజే వాడు పోయాడమ్మా. తెలిస్తే నువ్వు ఆ దారినపడి వస్తావని, నువ్వు కూడా నాకు దక్కవని భయపడ్డాను.

ఆ కాగితాలు నీ దగ్గరికే వస్తాయట. తమ్ముడి కబురు నువ్వు వాటిలో చదవకూడదని, గబగబా ఇది రాస్తున్నాను. నన్ను తిట్టుకో, కడుపారా ఏడు. ఇప్పుడే మాత్రం రాకు. ఇంకా అడగాల్సిన ఇళ్లున్నాయి కదా, వెళ్లి అడుగు.

అమ్మ