మంజు పడిపోయిన పూట

జూన్ 26, గురువారం

మంజు లేడు.

రాసి చూస్తే నమ్మకం కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. ఎవరిదో పేరులా ఉంది.

అంగట్లో ఒకాయనకు ఫ్యాను బిగించి చూపిస్తున్నాను. ఫోన్ మోగింది. చింతామణిలో మంజుతో పాటు బళ్లో పనిచేసే మేష్ట్రు. “శీనివాసు గారా? మా పీటీ మేష్ట్రు గ్రౌండులో పడిపోయినారు. ఆస్పత్రికి తెచ్చినాము. మీరు రండి.” ఎట్లా ఉన్నాడని అడిగాను. “మీరు రండి” అన్నాడు మళ్లీ. ఆ రెండోసారి అనడంలో ఏదో…

ఫ్యాను తిరుగుతూనే ఉంది. “సౌండు చేస్తాండాది కదప్పా ఇది” అంటున్నాడు కొనడానికొచ్చినాయన. లేదు, చెయ్యదు అని జవాబు కూడా చెప్పాను. ఎట్లా చెప్పానో.

కారు తీస్తుంటే రూప ఫోన్. మంజు భార్య గొంతు నాకు తెలియనిదా? అది రూప గొంతులా లేదు. ఏడుపు లేదు, తడి లేదు. “అన్నా, ఆయన పోయినాడు. అత్తకి ఇంగా తెలీదు. గూళూరు మింద వచ్చి పిలుచుకొని రా. ఒంట్లో బాగలేదని మాత్రం చెప్పు.”

గూళూరు. మంజు వాళ్లమ్మ, నాకూ అమ్మే, వాకిట్లో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, నా వెనక కారు వైపు చూసింది. మేమిద్దరం కలిసి రావడమే ఆమెకు అలవాటు.

“వాడు రాలేదా?”

“వానికి కొంచెం ఒళ్లు బాగలేదమ్మా. పోయి చూసొద్దాం పా.”

“జరమా?”

“ఊఁ.”

చీర మార్చుకుంది. పెరట్లోకి పోయి నిమ్మకాయలు కోసుకొచ్చి కొంగులో మూటకట్టింది. జరానికి మంచిదట. నేను చూస్తూ నిలబడ్డాను.

దారిలో వాన గురించి, అడుగంటిన బోరు గురించి చెబుతూ వచ్చింది. చేలూరు దాటాక మాటలు ఆగిపోయాయి. నా ఫోన్ మోగుతూనే ఉంది.

“కారు నిలుపప్పా.”

నిలిపాను.

“ఫోను మోగుతానే ఉండాది. నువ్వు ఎత్తేది లేదు. చెప్పు. వాడు ఉండాడా?”

ఫోను తీసి ఆపేశాను.

“ఇంటి ముందర జనాన్ని చూసి తెలుసుకునే శక్తి నాకి లేదు శీనప్పా. నువ్వే చెప్పు.”

“లేడమ్మా.”

తలుపు తీసుకుని దిగింది. రోడ్డు పక్క మట్టిలో కూర్చుంది. ఏడవలేదు. నిమ్మకాయలు ఒక్కొక్కటే కొంగులోంచి జారిపోతుంటే చూస్తూ ఉంది. నేను ఏరబోయాను. “వద్దులే” అంది. కాసేపటికి తనే లేచింది. “పా. రూప ఒగతే ఉండాది.”

జూన్ 27

అంత్యక్రియలు నిన్న సాయంత్రమే అయిపోయాయి. ముప్పైఆరేళ్ల మనిషి. రోజూ పొద్దున పరిగెత్తేవాడు. బీడీ లేదు, మందు లేదు. డాక్టరు గుండె అన్నాడు, అంతే. అందరూ నన్నే అడుగుతున్నారు — ముందు ఏమన్నా ఉండెనా అని. ఏమీ లేదు. ఏమీ లేదు.

నీలం ట్రాక్ ప్యాంటు. మెడలో విజిల్. ఆస్పత్రిలో తియ్యలేదు, ఇంటి దగ్గరా తియ్యలేదు. చివరికి వాళ్ల మామ తీశాడు.

జూన్ 27, మళ్లీ

ఒకటి రాయకుండా దాటేశాను.

నిన్న బడి పిల్లలు యూనిఫారంలోనే వచ్చారు. వరసగా నిలబడి చూసి పోయారు. ఒక పిల్ల పోలేదు. భవ్య, తొమ్మిదో తరగతి, ఖోఖో కెప్టెన్. మంజు ఆ పిల్ల గురించి నాతో చాలాసార్లు చెప్పాడు, లేడిపిల్ల అని. నా దగ్గరికి వచ్చింది.

“మీరు సార్ వాళ్ల ఫ్రెండు కదా అంకుల్?”

“అవును.”

“సార్ పడిపోయినప్పుడు మేము నవ్వినాము.”

అర్థం కాలేదు. తర్వాత అయింది. వాడు పిల్లలతో కలిసి ఆడేవాడు. ఎవరైనా తాకి అవుట్ చేస్తే చచ్చినట్టు పడిపోయి నాలుక బయటపెట్టేవాడు. పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. ఉన్నట్టుండి లేచి విజిల్ ఊదేవాడు. నిన్నా అదే అనుకున్నారట.

“చప్పట్లు కొట్టినాము. లేచేది లేదని అరికాళ్లకి గిలిగింతలు పెట్టినాము అంకుల్.”

ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాను అనుకుంటా. పెట్టానో లేదో.

జూన్ 28

చిక్కబళ్లాపురంలో పీయూసీ చదివే రోజుల్లోనే ఉంది వానికి ఆ పిచ్చి. హాస్టల్ మెట్ల మీద చచ్చిపోయేవాడు. క్యాంటీన్‌లో దోసె బాగలేదని చచ్చిపోయేవాడు. ఒకసారి నందికొండ దారిలో, రోడ్డు పక్కన వెల్లకిలా పడి కదల్లేదు. నేను అరిచి గోల చేశాను. పోయే బస్సు ఆగింది, కండక్టరు దిగాడు. వీడు లేచి ప్యాంటు దులుపుకుని, “బెంగళూరు పోతాదా అన్నా?” అన్నాడు. కండక్టరు తిట్టిన తిట్లు…

నేనూ నవ్వాను. ఆ రోజు నా కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. మొన్న ఆ గ్రౌండులో నేనున్నా నవ్వేవాణ్నే.

జూన్ 30

అంగడి తెరిచాను. ఎవరికో హోల్డరుకు బదులు స్విచ్ ఇచ్చాను. నా భార్య సుజాత వచ్చి గల్లా దగ్గర కూర్చుంది, నన్ను ఇంటికి పంపింది.

జూలై 3

సుజాత పోరు పడలేక చిక్కబళ్లాపురం పోయి ఈసీజీ తీయించుకున్నాను. బెంచీ నిండా నా వయసు మగవాళ్లే. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. పక్కనాయన శిడ్లఘట్ట వైపు రైతు. “మా ఊర్లో ఒగాయన టీ తాగతా తాగతా పోయినాడప్పా. మా ఆడోళ్లు ఊరకుండనీలేదు” అన్నాడు. “మీరెందుకు వచ్చినారు?” అన్నాడు. “ఊరికే” అన్నాను.

నార్మల్. డాక్టరు కాగితం చూపించి నవ్వాడు. ఆ గీతలు పైకీ కిందికీ చక్కగా పోతున్నాయి. వానివీ పడిపోయే ముందు రోజు ఇట్లాగే ఉండి ఉంటాయా? అడిగితే డాక్టరు, “చెప్పలేము” అన్నాడు.

బయటికొచ్చి బస్టాండులో నిలబడ్డాను. గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది. ఇన్నేళ్లూ వినిపించలేదు.

జూలై 6, ఆదివారం

కర్మ. చింతామణిలో. వడలు, పాయసం, వానికి ఇష్టమైన చిత్రాన్నం. తిన్నాను కూడా.

అన్నీ అయ్యాక అమ్మ నన్ను మిద్దె మీదికి పిలిచింది.

“నిన్ను ఒగటి అడగాల. కడాకు వాని దగ్గర ఎవరుండిరి?”

“పిల్లలుండిరమ్మా.”

“ఎంటనే చూసిరా?”

“ఆఁ. ఎంటనే చూసి మేష్ట్రులని పిలిచిరి.”

“ఏమన్నా అన్నాడా? నొప్పి అని గానీ, నన్ను గానీ…”

“లేదమ్మా. ఏమీ తెలియకుండానే…”

నా మొహంలోకి చూసింది. కారు నిలపమన్న రోజున చూసిన చూపే. “నన్ను ఆ బడికి పిలుచుకొని పో. వాడు పడిన తావు చూడాల.”

కిందికొచ్చి రూపతో చెప్పాను. రూపకు పిల్లల సంగతి తెలుసు, ఎవరో చెప్పేశారు. “అత్తకి ఆ సంగతి వద్దు అన్నా. నాకే తెలియకుండా ఉండింటే బాగుండు. తూగు పట్టేటప్పుడు కూడా ఆ నవ్వులు వినిపిస్తాండాయి, నేను ఆడ లేకపోయినా.”

తలూపాను. ఏం తలూపానో. ఇద్దరికీ తలూపాను.

జూలై 9

బడి హెచ్చెమ్‌కు ఫోన్ చేశాను. మంచి మనిషి. శనివారం బడి వదిలాక రమ్మన్నాడు. గ్రౌండు వైపు పిల్లలు పోవడం లేదట, ఆటల పీరియడ్‌లో కూడా తరగతిలోనే కూర్చుంటున్నారట. భవ్య అసలు బడికే రావడం లేదు. వాళ్ల నాయన పోరితే గేటు దాకా వచ్చి వెనక్కి పోతుందట.

పిల్లలెవరూ లేనప్పుడే తీసుకుపోవాలి అమ్మను. అదీ నా ఆలోచన.

జూలై 12, శనివారం

పోయాం.

గ్రౌండు ఖాళీ. ఖోఖో కంబాలు రెండూ నిలబడే ఉన్నాయి. సున్నం గీతలు వానకు సగం చెరిగిపోయాయి. హెచ్చెమ్ ఒక చోట చూపించి పక్కకు తప్పుకున్నాడు. అమ్మ చెప్పులు విడిచి అక్కడికి పోయి వంగి మట్టి మీద చెయ్యి పెట్టింది. వేడిగా ఉందో చల్లగా ఉందో చూస్తున్నట్టు.

అప్పుడు చూశాను. గేటు దగ్గర భవ్య. మామూలు బట్టల్లో. ఎవరు చెప్పారో మేమొచ్చామని. పంపించేద్దామని ఎదురు నడిచాను. అమ్మ అప్పటికే తలెత్తి చూసింది.

“ఎవరు పాపా నువ్వు? ఇట్ల రా.”

వచ్చింది. నేను ఆ పిల్ల వైపు చూస్తున్నాను, వద్దని, చెప్పొద్దని. నావైపు ఒకసారి చూసి తల దించుకుంది.

“మా వాడు పడిపోయినప్పుడు ఈడ ఉంటివా?”

“ఉంటిని అవ్వా.”

“ఏం చేసె వాడు? చెప్పు తల్లీ. నాకి ఎవురూ చెప్పేది లేదు.”

“నేనే సార్‌ని అవుట్ చేసింది. పడిపోయినారు. ఎప్పుడూ అట్లే పడతారు అవ్వా. మేము… మేము నవ్వినాము.”

ఇక ఆపలేకపోయింది. చప్పట్లు చెప్పింది, గిలిగింతలు చెప్పింది, నోట్లోంచి నురగ చూసి తనే మొదట పరిగెత్తిందని చెప్పింది. అమ్మ వింటోంది. మొహంలో ఏమీ కదల్లేదు. పిల్ల ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుంది. దగ్గరికి తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. చెయ్యి పట్టుకుని గ్రౌండు వైపు చూస్తూ ఉండిపోయింది. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

“బడికి రా” అంది చివరికి. “వస్తావా?”

భవ్య ఏదో అంది. వినపడలేదు.

తిరుగు దారి. నేనే రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను. అబద్ధం చెప్పానని ఆమెకు తెలిసిపోయింది. దాని గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

గూళూరులో ఇంటి ముందు దిగింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, కారు అద్దం మీద చెయ్యి పెట్టింది.

“శీనప్పా.”

“చెప్పమ్మా.”

“ఎంతసేపు నవ్విరంట?”

జూలై 13

చెప్పలేదు. తెలియదు నాకు. తెలుసుకోవాలంటే ఆ పిల్లనే అడగాలి.

పొద్దున్నుంచి ఫోన్ చేతిలోనే ఉంది.